బయలుకు విశ్రాంతి

రాజులు తమ పేర్ల కంటే బిరుదులే పొడుగ్గా పెట్టుకుని మురిసిపోయే కాలంలో తుమ్మలకోట అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని వీరభూపాలుడు ఏలేవాడు. ఆయన సభకు వచ్చినప్పుడు వందిమాగధులు బిరుదులన్నీ వరసగా చదవాలి. అవి పూర్తయ్యేసరికి నిలబడ్డవాళ్లకు కాళ్లు పీకేవి, కూర్చున్న ముసలివాళ్లకు కునుకు పట్టేది. వీరభూపాలుడు మాత్రం ఒక్కో బిరుదుకూ ఒకసారి మీసం తిప్పుకుంటూ, ఆఖరిది చెవిన పడ్డాకగాని సింహాసనం ఎక్కేవాడు కాదు.

ఆ సభలో పోలన అనే మాటకారి ఉండేవాడు. పొరుగు రాజుల దగ్గరికి రాయబారులుగా వెళ్లేవారికీ, ఊళ్లో చాటింపు వేసేవారికీ మాట నేర్పడం అతని పని. కోటగోడ వారగా ఉన్న పాత గుర్రపుశాలలో అతని పాఠశాల. మాట్లాడాలన్న ఆసక్తి ఉంటే చాలు, ఎవరి పిల్లలనైనా చేర్చుకునేవాడు.

అతని పాఠాలు తాటాకుల్లో ఉండేవి కావు. "గాజులమ్మే మనిషి 'ఇవి నీ చేతికి తప్ప ఇంకెవరికీ నప్పవమ్మా' అంటుంది. అది పొగడ్త. తప్పేం లేదు. కానీ అది విన్నాక మీరు గాజుల్ని చూస్తున్నారా, మీ చేతిని చూసి మురుస్తున్నారా? అది గమనించడం నేర్చుకోండి," అనేవాడు.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "ఎదుటివాణ్ని ఒప్పించండి. దానికోసమే కదా వచ్చారు. కానీ మీ మాట విన్నవాడు ఇంటికి పోయి, భోంచేసి, నింపాదిగా ఆలోచించుకున్నా ఆ మాట నిలబడాలి. నిలబడకపోతే మీరు అతన్ని ఒప్పించలేదు, మోసం చేశారు."

శిష్యుల్లో కామసాని అనే పడుచుపిల్ల ఉండేది. కోట కావలివాడి కూతురు. గొంతు గంటలా మోగేది. కోపం కూడా ఎక్కువే. తియ్యటి మాటతో ఎవరైనా ఎవరినైనా బోల్తా కొట్టిస్తుంటే ఆమె ముఖం ఎర్రబడిపోయేది.

ఒకనాడు పోలన శిష్యులందరినీ సంతకు తీసుకువెళ్లాడు. బేరాలాడేవాళ్ల మాటలు వినడమే ఆనాటి పాఠం. ఉల్లిపాయల వాడి దగ్గర వాళ్లు నిలబడి ఉండగా డప్పు మోగింది. వారం రోజులుగా ఊరూరా వేస్తున్న చాటింపుతో చాటింపువాడు బండరాయి ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"బుద్ధిమంతులైన ప్రజలకు తెలియజేయడమేమనగా! ప్రజలందరి కోరికపై, ఏళ్ల తరబడి అలసిపోయిన పచ్చికబయలుకు విశ్రాంతి ఇవ్వబడినది. పులుల బారినుండి పశువులను కాపాడుటకై దాని చుట్టూ కంచె వేయబడినది. ప్రజాక్షేమం కోరేవారెవరూ దీనికి అడ్డు చెప్పరు!"

జనం తలలూపారు. "ఎంత దయగల ప్రభువో! గడ్డికి కూడా విశ్రాంతి ఇస్తున్నాడు," అన్నాడు ఒక పెద్దమనిషి.

అప్పుడు ఒక ముసలామె గుంపును తోసుకుంటూ ముందుకొచ్చింది. పేరు ఈరవ్వ. ఆ బయల్లో పశువులు మేపుకునే కాపరి.

"విశ్రాంతా? కంచె వేసి మమ్మల్ని తరిమేశారయ్యా! గడ్డి లేక ఆవుల్ని రాళ్లగుట్టకు తోలుకెళ్తే, కాలు జారి లోయలో పడి నా ఆవు చచ్చిపోయింది. చూలుతో ఉన్న ఆవు!"

"అయ్యో పాపం," అన్నాడు పెద్దమనిషి. "కానీ అవ్వా, రాజుగారు మన మంచికే కదా చేశారు. చాటింపు విన్నావుగా."

ఈరవ్వ నోరు తెరిచింది. ఏదో అనాలి. ఎక్కడో మోసం ఉందని ఆమెకు తెలుసు. కానీ ఆ పెద్ద పెద్ద మాటల్లో అది ఎక్కడ నక్కిందో ఆమెకు దొరకలేదు. "ఏదో ఉందయ్యా... ఏదో ఉంది. నాకు చెప్పడం రావట్లేదు," అని నుదురు కొట్టుకుంది. కళ్లవెంట నీళ్లు కారాయి.

చాటింపువాడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు కామసానికి నషాళానికి అంటింది.

"గురువుగారూ, నేను చెప్పనా?" అంది.

పోలన ఒక్కక్షణం ఆలోచించాడు. పాఠశాలలో చెప్పడం వేరు, సంతలో చెప్పడం వేరు. ఆ తేడా అతనికి బాగా తెలుసు. ఈరవ్వ ముఖం చూశాడు. "చెప్పు తల్లీ," అన్నాడు.

కామసాని బండరాయి పక్కనే నిలబడి గొంతెత్తింది. "అయ్యలారా, అమ్మలారా! ప్రజలందరి కోరికపై అన్నాడు. మీలో ఈ కోరిక ఎవరు కోరారు? ఉల్లిపాయల మావా, నువ్వు కోరావా?"

"నేనెందుకు కోరతానమ్మా? నాకు పశువులే లేవు."

"పాలమ్మే అత్తా, నువ్వు?"

"నేను కోరడమా! గడ్డి లేకపోతే నాకు పాలెక్కడివి?"

"మరి అందరూ అంటే ఎవరు? నీకు నీ పక్కవాడు, నీ పక్కవాడికి నువ్వు! ఊరంతా ఒప్పుకుంది, నేనొక్కణ్నే ఎందుకు కాదనాలి అనుకుని నోరు మూసుకుంటారని ఆ మాట వేశారు. పులులన్నాడు. ఈరవ్వా, ఆ బయల్లో పులిని చూశావా?"

"నా జన్మలో చూడలేదు. మా నాయన కూడా చూడలేదు."

"భయపడ్డవాడు ఇంకేమీ అడగడు. అందుకే పులిని తెచ్చారు. ఇక అన్నిటికంటే గడుసు మాట వినండి. విశ్రాంతి ఇవ్వబడినది. కంచె వేయబడినది. ఎవరిచ్చారు? ఎవరు వేశారు? కంచె తనంతట తానే నడిచొచ్చి పాతుకుందా? ఆ 'బడినది' అనేది ఒక తెర. చేసినవాడు దాని వెనక హాయిగా నిలబడి ఉన్నాడు!"

ఉల్లిపాయల వాడు తాపీగా అడిగాడు. "అవును, ఎవరు వేశారు కంచె?"

పాలావిడ అందుకుంది. "పులి ఎక్కడుందో చూపించు!"

"అందరి కోరికన్నావు, నన్నెవరు అడిగారు?" అన్నాడు ఇందాకటి పెద్దమనిషే. తనను బుద్ధిమంతుడని పిలిచి వెర్రివాణ్ని చేశారన్న ఉక్రోషం అతనికి అందరికంటే ఎక్కువగా ఉంది.

చాటింపువాడు డప్పు చంకన పెట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, వీరభూపాలుడికి తన అతిథులతో కలిసి వేటాడాలని ముచ్చట పుట్టింది. అడవిదాకా పోవడానికి బద్ధకం. కోట పక్కన ఉన్న బయల్లోకే జింకల్ని వదిలితే సరిపోతుందనుకున్నాడు. "ఆ బయలు నాకు కావాలి. గొడవ లేకుండా చూడు," అని మంత్రి గుండయతో ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకున్నాడు. చాటింపు కూర్చింది గుండయ. రాజముద్ర వేసింది రాజు. అందులో ఏముందో ఆయన చదవలేదు. తన బిరుదులు తప్ప మరేదీ చివరిదాకా వినే ఓపిక ఆయనకు లేదు.

సంతలో జరిగింది గుండయ మంత్రి నోట రాజు చెవికి చేరింది. మర్నాడు పొద్దున్నే భటులు పాఠశాలకు తాళం వేసి, పోలననూ, కామసానినీ, సంతలో కేకలు వేసిందని ఈరవ్వనూ సభకు తెచ్చి నిలబెట్టారు.

బిరుదులు చదవడం పూర్తయింది. వీరభూపాలుడు గర్జించాడు.

"ఏమోయి పోలనా! పిల్లలకు వ్యాకరణం చెప్పుకోమంటే ప్రజలకు తిరుగుబాటు నేర్పుతున్నావా?"

"నేను చెప్పింది వ్యాకరణమే ప్రభూ," అన్నాడు పోలన. "క్రియ ఉన్నచోట కర్త ఎవరని అడగమన్నాను. సంతలో జనం అడిగారు."

"నోరు ముయ్! మాటల్లో మర్మం తెలుసుకోవడం రాజులకు ఉండవలసిన విద్య. దాన్ని ఉల్లిపాయలు అమ్మేవాళ్లకూ, పశువులు కాసేవాళ్లకూ పంచిపెడతావా?"

పోలనకు ఒళ్లు మండిపోయింది. తన చదువును తిట్టినందుకు కాదు. చచ్చిన ఆవు ఊసు ఆ సభలో ఒక్కరి నోటా రాలేదు. ఈరవ్వ ఒక స్తంభం పక్కన, ఎవరి కంటికీ ఆననట్టు నిలబడి ఉంది. అయినా అతను చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు.

"ఆ విద్య ఏలినవారికి ఉన్నదా?"

రాజు సింహాసనం మీంచి ముందుకు వంగాడు.

"ఏమన్నావ్?"

"తప్పుంటే క్షమించండి ప్రభూ. పొరుగు రాజ్యాల రాయబారులు మాటల్లో ఆరితేరినవాళ్లు. ఒక్క పరీక్ష చేసి చూద్దామని నా ఆశ. ఈ కామసాని పొరుగురాజు పంపిన రాయబారిలా తమతో మాట్లాడుతుంది. ఇది ఉత్త నటన అని ముందే మనవి చేస్తున్నాను. అందులో మాయ ఎక్కడెక్కడ ఉందో తమరు పట్టుకోవాలి. ఆపైన అలా మాట్లాడించినవాడికి ఏ తీర్పు చెప్పాలో కూడా తమరే చెప్పాలి."

వీరభూపాలుడు మీసం దువ్వాడు. "ఓస్, ఇంతేనా! మాటలతో నన్ను పడగొట్టేవాడు ఇంకా పుట్టలేదు. మొత్తం పట్టుకున్నానంటే నీ పాఠశాల తాళం ఇక తియ్యను. నువ్వు రాజ్యం దాటాలి. సరేనా?"

"సరే ప్రభూ. కానీ తమ తీర్పు తమరు మార్చుకోకూడదు."

"నా మాటకు తిరుగేమిటి!"

కామసాని పైట చెంగు సర్దుకుని, రాయబారులు నిలబడే చోటికి నడిచింది. ఈరవ్వకేసి ఒకసారి చూసింది. ఆ చూపులోని మంట గొంతులోకి రానివ్వకుండా, పంచదార పాకంలాంటి స్వరంతో మొదలుపెట్టింది.

"బుద్ధిమంతుడైన వీరభూపాల మహారాజుకు మా ప్రభువులు తెలియజేయడమేమనగా..."

రాజు చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోయింది. పక్కనే కూర్చున్న గుండయ మంత్రి మాత్రం ఉలిక్కిపడ్డాడు. ఆ వాక్యం ఎక్కడిదో ఆయనకు తెలుసు.

"...తుమ్మలకోట వాసులందరి కోరికపై, ఏళ్ల తరబడి అలసిపోయిన కోటకు విశ్రాంతి ఇవ్వబడినది."

రాజు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "ఏమిటీ? కోటకు విశ్రాంతేమిటి?"

"దొంగల బారినుండి రాజకుటుంబాన్ని కాపాడుటకై దాని చుట్టూ మా సైన్యం నిలపబడినది."

"ఆగు!" వీరభూపాలుడు సింహాసనం మీంచి సగం లేచాడు. ఇది నటన అన్న సంగతే మరిచిపోయాడు. "దొంగలా? నా కోటలో దొంగలెవరు? ఎవరు చూశారు? నన్ను హడలగొట్టి లోపలికి దూరాలని చూస్తున్నారు!"

"ప్రభూ," అని గుండయ మంత్రి అడ్డుపడ్డాడు. "ఈ ఆట ఇక చాలేమో..."

"నువ్వుండవయ్యా! ఇప్పుడే పట్టుకుంటున్నాను. కోటవాసులందరి కోరికట! నన్నడిగారా? రాణిగారిని అడిగారా? అందరూ అనేశాక నేను కాదనలేనని ఎత్తు. ఇంకా ఏదమ్మాయీ ఆ మాట... విశ్రాంతి ఇవ్వబడినది! ఎవడిచ్చాడు? సైన్యం నిలపబడినది! ఎవడు నిలిపాడు? వాడి పేరెందుకు చెప్పడు? నా కోటను కబళించి, దానికి విశ్రాంతి అని పేరు పెడతాడా? ముందు బుద్ధిమంతుడని నెత్తికెత్తుకుని, తర్వాత నెత్తి మీద చెయ్యి పెడతాడా?"

"రాజక్షేమం కోరేవారెవరూ దీనికి అడ్డు చెప్పరు," అని కామసాని ముగించింది.

"చూశారా! అడ్డు చెప్పినవాడు ద్రోహి అన్నమాట! నోరు కుట్టేసి నోరు తెరవమన్నట్టుంది!" రాజు ముఖం కందగడ్డలా అయింది. సభికులు శభాష్ అన్నారు. గుండయ మంత్రి పట్టు ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నాడు.

"అన్నీ పట్టుకున్నారు ప్రభూ," అన్నాడు పోలన తల వంచి. "నా శిష్యులెవరూ ఇంత తొందరగా పట్టుకోలేదు. ఇక తీర్పు?"

"తీర్పేముంది! ఇలాంటి మాటలతో లాక్కున్నది లాక్కున్నవాడు వెంటనే వదిలేయాలి. ఈ మాటలు కూర్చినవాణ్ని నేనైతే పశువులు కాయడానికి తోలేస్తాను!"

"చిత్తం. ఆ తీర్పు ఈరోజే అమలు చేయండి. కామసాని తన సొంతంగా ఒక్క మాట కూడా అనలేదు. ఇది నిన్న సంతలో తమ పేరున వేసిన చాటింపు. ప్రజలున్న చోట తమ పేరు, బయలున్న చోట కోట, పులులున్న చోట దొంగలు, కంచె ఉన్న చోట సైన్యం. పేర్లు మార్చాం. మాటలు అవే."

వీరభూపాలుడు గుండయ వైపు చూశాడు. గుండయ నేలవైపు చూశాడు.

రాజు కోపం ముందుగా పోలన మీదికే వచ్చింది. "నిండుసభలో నన్ను ఎగతాళి చేస్తావా!"

"నేనెక్కడ చేశాను ప్రభూ?" అన్నాడు పోలన వినయంగా. "ఎగతాళి చేయబడినది. అంతే."

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇంకొకరు దగ్గారు. కాసేపటికి సభ మొత్తానికీ దగ్గు పట్టుకుంది.

రాజు పళ్లు నూరుతూ మంత్రి వైపు తిరిగాడు. "గుండయా! నా పేరు మీద ఇంత కుట్ర చేస్తావా? ఇదంతా నీ పనే!"

"మాటలు నావే ప్రభూ," అన్నాడు గుండయ నీళ్లు నములుతూ. "బయలు కావాలన్నది మాత్రం..." మిగతా మాట మింగేశాడు.

కామసాని ఇక ఊరుకోలేకపోయింది. "మహారాజా, మాటలు ఆయనవైతే ముద్ర తమది. మంత్రిగారిని తిడితే చచ్చిన ఆవు బతుకుతుందా? తమ కోటను ఉత్త నోటిమాటగా లాక్కుంటేనే తమరికి ఇంత మండిందే! వీళ్ల బయలును నిజంగానే లాక్కున్నారు. వీళ్లకు ఎంత మండాలి?"

"కామసానీ," అని పోలన హెచ్చరించబోయి ఆగిపోయాడు. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క అలంకారం లేదు, ఒక్క పొగడ్త లేదు. అతను నేర్పిన వాటన్నిటిలోకీ మంచి మాట అదే.

వీరభూపాలుడు సింహాసనంలో సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "సరే. ఏదో పొరపాటు జరిగింది. ఇంతటితో వదిలేద్దాం."

స్తంభం పక్కనుంచి ఈరవ్వ అంది. "ఎవరు చేశారయ్యా?"

ఆమె గట్టిగా అనలేదు. అయినా అది సభంతా వినబడింది. నిన్న సంతలో దొరకని మాట ఆమెకు ఇప్పుడు దొరికింది. గుంపును తోసుకుని వచ్చినట్టే, మంత్రుల్ని దాటుకుని సింహాసనం ముందుకొచ్చి నిలబడింది. "పొరపాటు జరిగిందంటున్నావే, ఎవరు చేశారని అడుగుతున్నా."

"పొరపాటు... చేయబడి..." అంటూనే వీరభూపాలుడు చటుక్కున నాలుక కరుచుకున్నాడు.

తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినబడింది. ఆపైన పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. సింహాసనం చేతులు పట్టుకుని, కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు.

"నేనే, అవ్వా! నేనే చేశాను. వేట ముచ్చటతో నీ బయలు నేనే లాక్కున్నాను. అబ్బ! ఎంత చిన్న మాట! నోట్లోంచి రావడానికి ఎంత ఏడిపించింది!"

ఈరవ్వ నవ్వలేదు. కానీ తల ఊపింది.

రాజు కిరీటం సర్దుకుని ఆజ్ఞలిచ్చాడు. కంచె పీకించమన్నాడు. పందెం తనే గెలిచినా, పాఠశాల తాళం తీయించమన్నాడు. "నా తీర్పు నేను మార్చుకోను. గుండయా, నువ్వు రేపటి నుంచి పశువులు కాయాలి," అన్నాడు.

"అయ్యా!" అంది ఈరవ్వ కంగారుగా. "ఆయనకు శిక్ష వేసుకోండి. మా పశువులకెందుకు శిక్ష? వాటినీ రాళ్లగుట్ట ఎక్కించి, విశ్రాంతి ఇచ్చానంటాడు!"

ఈసారి దగ్గులు లేవు. సభ బాహాటంగానే నవ్వింది. చివరికి గుండయ పోలన పాఠశాలలో చేరి, చిన్నపిల్లల వరసలో కూర్చుని, కర్త లేకుండా వాక్యం రాయకూడదని నేర్చుకునేదాకా మంత్రి పీఠం ఎక్కకూడదని తేల్చారు.

"నీకేం కావాలి పోలనా?" అని రాజు తన చేతి కంకణం తీయబోయాడు.

"కంకణం కామసానికి ఇవ్వండి. నాకు ఒక్కటే వరం. ఈ సంగతి చెప్పడానికి చాటింపువాణ్ని పంపకండి. సంతకు తమరే రండి."

రాజు ముఖం మాడింది. కానీ మాట ఇచ్చేశాడు. తర్వాతి సంతనాడు బిరుదులు చదివేవాళ్లు లేకుండా సంతలో బండరాయి ఎక్కి, "బయలు నేను తీసుకున్నాను. వేట కోసం తీసుకున్నాను. ఆవు నావల్ల చచ్చింది. బయలు తిరిగి ఇచ్చేశాను," అని చెప్పాడు. అంత పొట్టి రాజవాక్యం ఆ రాజ్యంలో ఎవరూ ఎన్నడూ వినలేదు. జనం ఈలలు వేశారు.

ఆ తర్వాత రాజు కోట గోశాల నుంచి చూడిఆవునొకదాన్ని తోలించి ఈరవ్వకు ఇప్పించాడు. ఈరవ్వ కొంగు నడుముకు చుట్టి, ఆవు పళ్లు చూసింది. పొదుగు తడిమింది. గిట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. చేతులెత్తి దండమైనా పెట్టలేదు.

వెంట వచ్చిన భటుడికి రోషం వచ్చింది. "రాజుగారిచ్చిన ఆవునే అనుమానిస్తావా అవ్వా?"

"రాజుగారిచ్చిన మాటను ఊరంతా చూడకుండా పుచ్చుకున్నందుకే కదయ్యా, నా ఆవు లోయలో పడింది," అంది ఈరవ్వ, నాలుగో గిట్ట కూడా ఎత్తుతూ.

వీరభూపాలుడు మళ్లీ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే వంగి, ఆవు కదలకుండా పలుపు తనే పట్టుకున్నాడు.